తప్పు చేయడానికి మీకంటూ ఒక చోటు

హనుమకొండ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. వయసు ఇరవై ఎనిమిది. పరకాలలో తెలుగు మాధ్యమంలో చదువుకుని, కంప్యూటర్లు ఒక సబ్జెక్టుగా డిగ్రీ పూర్తిచేశారు. మూడేళ్ల పాప ఉంది. పాపను అత్తగారు చూసుకుంటుంటే, తాను ఐదుగురు పనిచేసే ఒక చిన్న ఆఫీసులో డ్రూపల్ అనే సైట్ల తయారీ సాధనంతో వెబ్‌సైట్లు చేస్తున్నారు. బడులకు, ఆస్పత్రులకు, విత్తనాల దుకాణాలకు కలిపి ఇప్పటికి పద్నాలుగు సైట్లు చేశారు. అన్నీ సిద్ధంగా దొరికే మాడ్యూళ్లు (సైటుకు అదనపు పనులు చేర్చే కోడు కట్టలు) తెచ్చి, సెట్టింగులు అమర్చి చేసినవే. కోడు రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు వచ్చింది. కొత్తవాడలో జంపఖానాలు నేయించి అమ్మే ఒక వ్యాపారి, కొనేవాళ్లు పొడవు, వెడల్పు, నేత రకం చెబితే ధర ఎంతో, ఎన్ని రోజుల్లో అందుతుందో సైటే చెప్పాలని అడిగారు. ఈ సోదరి మూడుసార్లు ప్రయత్నించారు. మొదటిసారి, ఎవరో రాసిన మాడ్యూలు ఫైలునే తెరిచి మధ్యలో పదకొండు లైన్లు చేర్చారు. ధర చక్కగా కనిపించింది, ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాల తర్వాత సహోద్యోగి ఒకరు ఆ మాడ్యూలును కొత్త వెర్షన్‌కు మార్చగానే ఆ పదకొండు లైన్లూ మాయమయ్యాయి. రెండోసారి ఒక వీడియో పాఠం చూసి సొంత మాడ్యూలు రాశారు. అది జాబితాలోనే కనిపించలేదు. మూడోసారి కనిపించింది. ఆన్ చేయగానే సైటు మొత్తం ఆగిపోయి, తెల్లటి పేజీ మీద 'అనుకోని పొరపాటు జరిగింది' అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం మిగిలింది. చేతులు వణుకుతూ ఫోల్డరు మొత్తం తొలగించారు. అయినా నలభై నిమిషాల పాటు సైటు లేవలేదు. యజమాని నలుగురి ముందు కేకలేశారు.

రెండు నెలల్లో పూర్తికాకపోతే పని హైదరాబాద్ వాళ్లకు ఇచ్చేస్తానని యజమాని అంటున్నారు. 'ఇవన్నీ వదిలేసి అమీర్‌పేటలో కోర్సు చేయండి వదినా' అని మరిది అంటున్నారు. చివర్లో ఆమె ఇలా అడిగారు: 'అక్కా, నాకు కోడు రాసే బుర్ర లేదేమో. సెట్టింగులు మార్చుకుంటూ ఉండటం వరకే నా వల్ల అవుతుందేమో. నిజం చెప్పండి.'

చెల్లెమ్మా, నిజమే చెబుతాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడో పేజీలో మీరు దారిన పోతూ రాసినట్టు రాసిన వాక్యం ఒకటి ఉంది: 'మా దగ్గర వేరే సైటు ఏమీ ఉండదు, హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లోనే మారుస్తాం' అని. మీ కష్టమంతా ఆ వాక్యంలో ఉందని నా నమ్మకం. వ్యాపారి నడుస్తున్న సైటులో, కొనేవాళ్లు చూస్తుండగా, జీవితంలో మొదటి మాడ్యూలు రాయడానికి కూర్చున్నారు మీరు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్న నేను కూడా అలా రాయను. రాస్తే నా చేతులూ వణుకుతాయి. తప్పు చేయడానికి చోటు లేని మనిషికి ఏ విద్యా పట్టుబడదు. బుర్ర సంగతి తేల్చుకునే ముందు ఆ చోటు ఏర్పాటు చేసుకోవాలి.

అంతకన్నా ముందు ఆ మూడు ప్రయత్నాలనూ ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. మీరు మూడింటినీ ఒకే ఓటమి కింద కట్టి ఉంచారు, కానీ అవి వేర్వేరు.

మొదటిది లెక్క తప్పు కాదు, చోటు తప్పు. మగ్గం మీద ఎక్కిన పడుగును మధ్యలో ఎవరూ కోయరు. పేక మార్చి కావలసిన గీత తెస్తారు. డ్రూపల్ కూడా అలాగే కట్టిన సాధనం. దాని కోర్ (మూల) ఫైళ్లనూ, ఇతరుల మాడ్యూళ్లనూ ముట్టుకోకుండా పక్కన మీ సొంత ఫోల్డరు పెట్టుకుని, అక్కడి నుంచి వాటి ప్రవర్తనను మార్చుకునేలా దాన్ని తీర్చారు. ఇది కేవలం పద్ధతి కోసం చెప్పే మాట కాదు. 2014 అక్టోబర్ 15న డ్రూపల్ 7లో డేటాబేస్‌కు సంబంధించిన ఒక పెద్ద భద్రతా లోపం బయటపడింది. దిద్దిన వెర్షన్ అదే రోజు వచ్చింది. ప్రకటన వెలువడిన ఏడు గంటల లోపు దాన్ని వేసుకోని సైట్లన్నీ దుండగుల చేతికి చిక్కాయనే అనుకోవాలని డ్రూపల్ భద్రతా బృందం ఆ తర్వాత హెచ్చరించింది. ఏడు గంటలు! ఇతరుల ఫైళ్లలో చేతిరాతలు రాసుకున్న ఆఫీసు అలాంటి రోజున ఏం చేస్తుంది? కొత్త వెర్షన్ వేస్తే రాసుకున్నది పోతుంది, వేయకపోతే సైటే పోతుంది. మీ సహోద్యోగి అప్‌డేట్ చేసి మంచి పనే చేశారు. ఆయన మీద కోపం ఉంటే వదిలేయండి.

రెండోది పాతబడిన దారిపటం. మీరు రాసిన వివరం బట్టి చూస్తే ఆ వీడియో డ్రూపల్ 7 కాలం నాటిది. అప్పట్లో మాడ్యూలును పరిచయం చేసే ఫైలు 'డాట్ ఇన్ఫో' అని ముగిసేది. 2015 నవంబర్‌లో డ్రూపల్ 8 వచ్చినప్పుడు లోపలి కట్టడమంతా మారిపోయింది. ఆ ఫైలు 'డాట్ ఇన్ఫో డాట్ వైఎంఎల్' అయింది. మీ సైటు డ్రూపల్ 10. దానికి పాత పేరున్న ఫైలు అసలు కనబడదు, అందుకే జాబితాలో లేదు. పేజీల చిరునామాలు నమోదు చేయడానికి ఆ పాఠంలో చెప్పిన 'హుక్ మెనూ' కూడా డ్రూపల్ 8లోనే పోయింది. ఆ పని ఇప్పుడు రౌటింగ్ ఫైలు చేస్తుంది. డ్రూపల్ 7కు మద్దతే 2025 జనవరి 5తో ముగిసింది, అయినా దాని పాఠాలు ఇంకా అన్నిచోట్లా దొరుకుతున్నాయి. ఇకపై ఏ పాఠమైనా మొదలుపెట్టే ముందు అది ఏ వెర్షన్‌కో చూడండి. అందులో 'డాట్ ఇన్ఫో డాట్ వైఎంఎల్' అన్న మాట రాకపోతే అక్కడికక్కడే మూసేయండి.

మూడోదాన్ని మీరు అన్నింటికన్నా పెద్ద అవమానంగా రాశారు. నాకు మాత్రం అదే అన్నింటికన్నా చిన్నదిగా కనిపించింది. నివేదికల పేజీలో తర్వాత చూసిన వాక్యాన్ని మీరు నోటుపుస్తకంలో ఎక్కించుకున్నారు, ఉత్తరంలోనూ రాశారు: ఇరవై మూడో లైనులో వాక్య నిర్మాణ దోషం. మీరు పంపిన కోడులో ఇరవై మూడో లైను శుభ్రంగా ఉంది. ఇరవై రెండో లైను చివర సెమికోలన్ లేదు. డ్రూపల్ కోడు రాసే భాష పీహెచ్‌పీ. వాక్యం ముగిసిందని తెలియక అది తర్వాతి లైనులోకి నడిచి, అక్కడ తట్టుకుని పడి, పడిన చోటునే చెబుతుంది. చూపించిన లైనుతో పాటు దాని పై లైనును కూడా చూసే అలవాటు చేసుకుంటే చాలు. ఆన్ చేసిన ప్రతి మాడ్యూలు ఫైలునూ డ్రూపల్ ప్రతి పేజీకీ చదువుతుంది కాబట్టి ఆ ఒక్క చుక్క కోసం సైటంతా ఆగింది. ఫోల్డరు తొలగించినా వెంటనే లేవకపోవడానికి కారణం, ఆ మాడ్యూలు ఆన్‌లో ఉందనే డ్రూపల్ తన పట్టికలో రాసుకుని ఉండటం. ముందు అన్‌ఇన్‌స్టాల్ చేయాలి, ఆ తర్వాతే ఫోల్డరు తీయాలి. ఈసారి అలాంటిది జరిగితే ఏదీ తొలగించకండి, ఆ లైను దిద్దండి.

ఇంతకీ ఈ పనికి మాడ్యూలు అవసరమా? ఈ ప్రశ్న మీ ఆఫీసులో ఎవరూ అడిగినట్టు లేదు. వెబ్‌ఫారమ్ అనే సిద్ధ మాడ్యూలు మీరు ఇప్పటికే వాడుతున్నారు. అందులో లెక్కించి చూపే గడి ఒకటి ఉంది. ట్విగ్ అనే చిన్న భాషలో ఒక సూత్రం రాస్తే పొడవును వెడల్పుతో హెచ్చవేసి, నేత రకానికి తగిన రేటు కట్టి చూపిస్తుంది. వ్యాపారి ముందు ధర ఒక్కటి కనిపిస్తే చాలనుకుంటే, ఇది రెండు మూడు రోజుల పని. యజమాని గడువు భయం కూడా తీరుతుంది. కానీ దీనికి హద్దు ఉంది. రేట్లు ఆ సూత్రంలోనే కూర్చుంటాయి, అవి మారిన ప్రతిసారీ వ్యాపారి మీకు ఫోన్ చేయాలి. ఎన్ని మగ్గాలు ఖాళీగా ఉన్నాయో చూసి అందించే తేదీ చెప్పడం ఆ గడితో సాధ్యం కాదు. అక్కడికి వచ్చేసరికి సొంత మాడ్యూలు కావాల్సిందే.

నా మొగ్గు ఎటో దాచను. ముందు వెబ్‌ఫారమ్‌తో ధర చూపించి వ్యాపారికి ఊరట ఇవ్వండి. అదే సమయంలో ఇంట్లో మాడ్యూలు నేర్చుకుని, తేదీ భాగాన్ని దానితో చేయండి. అయితే దీనివల్ల మీకు రెండింతల పని, నెలన్నర పాటు రాత్రిళ్లు నిద్ర తక్కువ. పాప, అత్తగారి ఆరోగ్యం, ఇంటి పని చూసుకుంటే అది ఇప్పుడు కుదరదని మీకు అనిపించవచ్చు. అప్పుడు ఇంకో దారి ఉంది. తేదీ భాగాన్ని బయటివారికి ఇమ్మని మీరే యజమానికి చెప్పండి. కాకపోతే వాళ్లు రాసిన మాడ్యూలును మీకు అప్పగించాలని, ఒక పూట కూర్చుని వివరించాలని ముందే షరతు పెట్టించండి. డబ్బు బయటికి పోతుంది, మెప్పు కూడా వాళ్లకే పోతుంది, కానీ పనిచేస్తున్న ఒక నిజమైన మాడ్యూలు మీ చేతికి వస్తుంది. దాన్ని చదివి నేర్చుకోవడం చిన్న లాభం కాదు.

ఏ దారి పట్టినా చోటు మాత్రం కావాలి. మీ ఇంట్లో ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ ఉందన్నారు, సరిపోతుంది. పీహెచ్‌పీ 8.1 గానీ అంతకన్నా కొత్తది గానీ, దానితో పాటు డ్రూపల్‌ను, దాని విడిభాగాలను తెచ్చిపెట్టే కంపోజర్ వేసుకోండి. కంపోజర్‌తో డ్రూపల్ తెచ్చుకున్నాక దానిలోనే 'క్విక్-స్టార్ట్' అనే ఆదేశం ఉంటుంది. వేరే సర్వరు, వేరే డేటాబేస్ ఏమీ లేకుండా, సమాచారమంతా దాచుకునే ఎస్‌క్యూలైట్ ఫైలు ఒక్కదానితో సైటును లేపి బ్రౌజరులో తెరిచి పెడుతుంది. అది మీది. దాన్ని పగలగొట్టవచ్చు, తుడిచేసి మళ్లీ లేపవచ్చు. ఎవరూ కేకలేయరు. మొదటి వారం కావాలనే పగలగొట్టండి. ఒక సెమికోలన్ తీసేసి ఏం జరుగుతుందో చూడండి. సెట్టింగుల్లో, లోపాల నమోదు పేజీలో, పూర్తి వివరాలు చూపించమని పెట్టుకుంటే ఆ మొండి వాక్యం బదులు ఏ ఫైలు, ఏ లైను అన్నది తెర మీదే కనిపిస్తుంది. భయం పోవడానికి నాకు తెలిసిన మందు ఇదొక్కటే.

ఇక మొదటి మాడ్యూలు. జంపఖానా ధర వద్దు. అది నాలుగోదో ఐదోదో అవుతుంది. మొదటిది ఒక పేజీలో 'నమస్కారం' అని చూపిస్తే చాలు. మాడ్యూళ్ల ఫోల్డరులో 'కస్టమ్' అనే ఫోల్డరు పెట్టి, దానిలో మీ మాడ్యూలు పేరుతో ఇంకొకటి పెట్టండి. పేరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉండాలి. అందులో మూడే ఫైళ్లు. మొదటిది ఇన్ఫో ఫైలు: పేరు, ఇది మాడ్యూలు అన్న మాట, ఏ డ్రూపల్ వెర్షన్లకు సరిపోతుందన్న మాట. రెండోది రౌటింగ్ ఫైలు: ఏ చిరునామాకు వస్తే ఎవరు జవాబివ్వాలి, చూడటానికి ఎవరికి అనుమతి. అనుమతి రాయడం మరిచిపోతే డ్రూపల్ ఆ పేజీని ఎవరికీ చూపదు. చాలామంది కోడు తప్పనుకుని గంటలు గడిపేది ఇక్కడే. ఈ రెండు ఫైళ్లలో జరుపు కోసం ట్యాబ్ నొక్కకండి, స్పేసులే వాడాలి. మూడోది కంట్రోలర్: ఆ జవాబిచ్చే పీహెచ్‌పీ క్లాసు.

ఈ మూడోదాని దగ్గర కాస్త ఆగుతాను, డ్రూపల్ 8 వచ్చాక నేను రాసిన మొదటి మాడ్యూలు వారం రోజులు నన్ను ఏడిపించింది ఇక్కడే. కాజీపేటలో మా ఇంటి కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా నడిచింది. సర్వరులో పెడితే క్లాసు దొరకలేదంటుంది. ప్రతి అక్షరం సరిచూశాను, తేడా కనబడలేదు. చివరికి ఫైలు పేరును, క్లాసు పేరును కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాక తెలిసింది. కంట్రోలర్ అన్న మాటలో మొదటి 'సి' క్లాసు పేరులో పెద్దక్షరం, ఫైలు పేరులో చిన్నక్షరం. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, సర్వరులోని లినక్స్ పట్టించుకుంటుంది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడాయే లేదు కాబట్టి మన కళ్లు ఆ వైపు పోవు. మీరూ తెలుగు మాధ్యమంలో చదివినవారు గనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫోల్డరు, ఫైలు, క్లాసు, నేమ్‌స్పేస్ (క్లాసుకు ఇంటిపేరు లాంటిది) నాలుగు పేర్లనూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

అన్నీ సరిగా ఉన్నా పేజీ రాకపోతే క్యాష్ తుడవండి. డ్రూపల్ ఒకసారి చదివిన రౌటింగును దాచుకుని దాన్నే వాడుతుంది. మీరు మార్చినది దానికి తెలియాలంటే క్యాష్ తుడవాల్సిందే. డ్రష్ అనే పనిముట్టు ఉంటే అది రెండు మాటల ఆదేశం.

ఆ పేజీ వచ్చాక రెండోది హుక్. వేరేవాళ్ల ఫారాన్ని వాళ్ల ఫైలు ముట్టుకోకుండా మార్చే మార్గం ఇదే, మొదటి ప్రయత్నంలో మీకు కావలసి వచ్చింది ఇదే. పాఠాల్లో 'హుక్ ఫారమ్ ఆల్టర్' అని రాసి ఉంటుంది. అందులో 'హుక్' అన్న చోట మీ మాడ్యూలు పేరు పెట్టాలి. మీ మూడో ప్రయత్నంలో దాన్ని ఉన్నది ఉన్నట్టే దించారు. సెమికోలన్ దిద్దినా అది పలికేది కాదు, ఎందుకంటే డ్రూపల్ మీ పేరుతో పిలుస్తుంది. డ్రూపల్ 11.1 నుంచి హుక్‌లను క్లాసుల్లో రాసే కొత్త తీరు వచ్చింది. అది కనిపిస్తే కంగారుపడకండి, మీ డ్రూపల్ 10కి పైన చెప్పిన పాత తీరే. ఆ తర్వాత ఫారమ్, రేట్లు దాచుకునే కాన్ఫిగరేషన్ వరుసగా వస్తాయి. వీటన్నింటికీ పనిచేసే నమూనాలు 'ఎగ్జాంపుల్స్' అనే మాడ్యూలులో ఉచితంగా దొరుకుతాయి. వీడియోల ఇంగ్లీషు వేగం అందడం లేదన్నారు. కోడు అలా పరిగెత్తదు, మీరు చదివినంత నిదానంగా నిలబడి ఉంటుంది. రోజుకు ఒక ఫైలు తెరిచి, తెలియని మాట పక్కన తెలుగులో అర్థం రాసుకోండి. మళ్లీ మళ్లీ వచ్చే మాటలు తక్కువే. నెల తిరిగేసరికి నిఘంటువు అవసరం తగ్గిపోతుంది.

అమీర్‌పేట విషయం. మీ మరిది మీ మేలు కోరే చెప్పి ఉంటారు. కోర్సుతో వేళ తప్పని చదువు, అడిగితే చెప్పే మనిషి దొరుకుతారు, అది నిజమైన లాభమే. కానీ హైదరాబాద్‌కు రోజూ రైల్లో పోను రాను నాలుగైదు గంటలు, అక్కడే ఉండాలంటే మూడు నెలలు పాపకు దూరం. పైగా ఆయన చెబుతున్నది వేరే ఉద్యోగానికి దారి, మీరు అడిగినది ఈ పని గురించి. ఈ రెండు నెలల్లో డ్రూపల్ మీద మీకు ఇష్టం ఉందో లేదో మీకే తెలుస్తుంది. లేదనిపిస్తే అప్పుడు వెళ్లండి, అప్పటికి నేర్చుకున్న పీహెచ్‌పీ ఎక్కడికీ పోదు.

యజమానితో ఒకసారి తీరిగ్గా మాట్లాడండి. కేకలేసిన రోజు గురించి కాదు. ప్రతి సైటుకూ పక్కన ఒక నకలు సైటు ఉండాలని, మార్పులన్నీ ముందు అక్కడే జరగాలని అడగండి. ఆయనకు కొద్దిపాటి ఖర్చు. ఒప్పుకుంటే మీతో పాటు మిగతా నలుగురికీ మేలు. ఒప్పుకోకపోతే, పరీక్షించని కోడును నడుస్తున్న సైటులో పెట్టనని మర్యాదగా చెప్పండి. ఆయన మొహం మాడ్చుకోవచ్చు. కానీ ఇంకోసారి సైటు ఆగితే పడే మాటలకన్నా ఇది తేలిక.

చివరిగా, మీరు పంపిన ఆ పదకొండు లైన్లు. వాటిని పారేయకండి. కాగితం పెన్నూ తీసుకుని కూర్చుని చూశాను. నేత రకాన్ని బట్టి రేటు ఎంచుకోవడం, వైశాల్యంతో హెచ్చవేయడం, ఐదు దాటితే తగ్గింపు ఇవ్వడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కచోట దిద్దాలి. కొనేవాళ్లు ఆరడుగుల ఆరంగుళాలను 6.6 అని రాస్తారు, మీ కోడు దాన్ని అలాగే హెచ్చవేస్తోంది. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి అది 6.5 కావాలి. నాలుగడుగుల వెడల్పుకు 26 చదరపు అడుగులు రావాల్సింది 26.4 వస్తోంది. అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఒక గడి వేరుగా పెట్టి, అంగుళాలను పన్నెండుతో భాగించి కలపండి. ఆ లెక్క మీ మాడ్యూలులో ఫారం పంపాక సర్వరు వైపు జరగాలి, బ్రౌజరు పంపిన ధరను నమ్మకూడదు. మిగతా పది లైన్లను ఒక్క అక్షరం మార్చకుండా మీ సొంత ఫోల్డరులోకి తెచ్చుకోవచ్చు.